హ్యాండీ సెట్టా, మొబైల్ రిగ్గా: 2 మీటర్ల బ్యాండ్‌కి ఏది మేలు?

రిపీటర్ (ఎత్తైన చోట ఉండి మన సిగ్నల్‌ని అందుకుని మళ్లీ గట్టిగా పంపే స్టేషన్) హ్యాండీతోనే, అంటే చేతిలో పట్టుకునే సెట్‌తోనే, అందుతుంటే కారులో ఇంకో సెట్ బిగించుకోవడం దండగ కదా అని హ్యామ్ రేడియోలో కొత్తగా కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు) వచ్చినవాళ్లు అడుగుతుంటారు. నిజంగా అందుతుంటే దండగే. కానీ ఎక్కడ నిలబడి చూసి 'అందుతోంది' అంటున్నారో అది కూడా చెప్పాలి. మేడ మీదో మైదానంలోనో నిలబడితే 5 వాట్ల హ్యాండీ కూడా రిపీటర్‌ని లేపుతుంది. అదే హ్యాండీతో కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, బండి కదులుతుండగా మాట్లాడి చూడండి. రిపీటర్ మీకు శుభ్రంగా వినిపిస్తుంది, మీరే దానికి వినిపించరు. వినిపించినా ముక్కలు ముక్కలుగానే. అవతలివాళ్లు మళ్లీ చెప్పమంటారు, మీరు కాల్‌సైన్ దగ్గరే ఆగిపోతారు.

ఇక్కడ నిజానికి మూడు దారులున్నాయి. ఒకటి ఉత్త హ్యాండీ. రెండోది కారు పైకప్పు మీద యాంటెన్నా పెట్టి దాన్ని హ్యాండీకి తగిలించడం. మూడోది 13.8 వోల్టుల మీద నడిచే 50 వాట్ల మొబైల్ రిగ్ (బండిలో బిగించే సెట్), దానికో బయటి యాంటెన్నా. జనం మొదటిదాన్నీ మూడోదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు, తేడా అంతా వాట్లదే అనుకుంటారు. రెండోదాన్ని కూడా పక్కన పెడితే గానీ అసలు లెక్క తేలదు.

వాట్ల సంగతి ముందు చూద్దాం. 5 నుంచి 50కి వెళ్తే పదింతలు, అంటే 10 డెసిబెల్స్. సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద ఒక్కో ఎస్ యూనిట్‌కి 6 డెసిబెల్స్ లెక్క కాబట్టి, పదింతలు పవర్ పెంచినా అవతలి మీటర్ రెండు యూనిట్లు కూడా పెరగదు. మరోవైపు యాంటెన్నా చూడండి. హ్యాండీతో వచ్చే రబ్బరు యాంటెన్నా అసలే కురచది, కింద సరైన గ్రౌండ్ ఉండదు, పైగా చుట్టూ కారు రేకు. దాన్ని బయటికి తెచ్చి పైకప్పు నడిమధ్యన పావు తరంగం కడ్డీ నిలబెడితే, 2 మీటర్ల బ్యాండ్‌లోని 145 మెగాహెర్ట్జ్‌కి దాని పొడవు సుమారు 49 సెంటీమీటర్లు, కింద రేకంతా గ్రౌండ్ ప్లేన్‌గా పనిచేస్తుంది. పంపడానికీ వినడానికీ రెండింటికీ లాభమే. వాట్లు పెంచితే మీ గొంతు పెరుగుతుంది తప్ప చెవి పెరగదు.

దూరం విషయంలో కూడా వాట్ల మీద ఆశలు మరీ పెట్టుకోకూడదు. వీహెచ్ఎఫ్ (2 మీటర్ల బ్యాండ్ ఈ ఫ్రీక్వెన్సీల్లోదే) దాదాపు చూపు ఆనినంత మేర వెళ్తుంది, కాస్త వంగుతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే రేడియో హొరైజన్ కిలోమీటర్లలో వస్తుంది. కారు యాంటెన్నా మీటరున్నర ఎత్తులో ఉంటే 5 కిలోమీటర్లు. అలాంటి రెండు కార్ల మధ్య చదునైన నేల మీద సుమారు 10. చుట్టుపక్కల నేల కంటే 100 మీటర్ల ఎత్తున్న గుట్ట మీది రిపీటర్‌కైతే దాని వైపు నుంచే 41 కిలోమీటర్లు కలిసొస్తాయి. మధ్యలో కొండ అడ్డుగా ఉంటే 80 వాట్ల రిగ్ అయినా చాలాసార్లు చేతులెత్తేస్తుంది.

మరి 50 వాట్లు ఎందుకు? కదిలే బండి కోసం. భవనాలకీ లారీలకీ గుట్టలకీ తగిలి తిరిగొచ్చే తరంగాలు నేరుగా వచ్చేవాటితో కలిసి, సుమారు మీటరుకో చోట సిగ్నల్‌ని గుంటలో పడేస్తుంటాయి. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకి పదహారు గుంటలు దాటుతున్నట్టు. అవతలివాళ్లకి అది పటపటమని కొట్టుకునే ఫ్లటర్‌గా వినిపిస్తుంది. ఎఫ్ఎంకి ఒక గడప ఉంది: సిగ్నల్ దానికి పైన ఉన్నంతసేపూ మాట స్పష్టంగా ఉంటుంది, కిందికి జారితే బుస్సుమనే రొదలో ఒక్కసారిగా మునిగిపోతుంది. హ్యాండీ సిగ్నల్ మామూలుగానే ఆ గడప మీద ఊగుతుంటుంది, కాబట్టి ప్రతి గుంటలోనూ మాట తెగుతుంది. అదనంగా ఉన్న 10 డెసిబెల్స్ ఆ గుంటల్లో చాలావాటిని పూడ్చేస్తాయి. మీటర్ మీద రెండు యూనిట్లు కూడా కానిది చెవికి 'సగం మాట' నుంచి 'మొత్తం మాట'గా మారేది ఇక్కడే. బండి ఆపి మాట్లాడేవాళ్లకి ఈ లాభం పెద్దగా తెలియదు. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపితే వాళ్ల గుంట తప్పిపోతుంది.

రెండో దారి, అంటే హ్యాండీకి బయటి యాంటెన్నా, చాలామందికి సరిపోయేదే. కష్టపడి ఏదీ బిగించక్కర్లేదు, మ్యాగ్నెట్ మౌంట్ ఒకటి పైకప్పు మీద పెడితే చాలు. అయితే దీనికో చిక్కుంది, అది ఊరి నడిబొడ్డున బయటపడుతుంది. మొత్తం రిసీవర్ ఒకే చిప్ మీద నడిచే చవక హ్యాండీలకి ముందు భాగంలో ఫిల్టర్లు అంతంతమాత్రం. రబ్బరు యాంటెన్నాతో అవి బాగానే ఉంటాయి, ఎందుకంటే ఆ యాంటెన్నా ఏదీ గట్టిగా పట్టుకోదు. దాని బదులు పైకప్పు యాంటెన్నా తగిలించగానే ఎఫ్ఎం స్టేషన్లు, వ్యాపార సంస్థల వైర్‌లెస్ సెట్లు అన్నీ ఒక్కసారి లోపలికి తోసుకొస్తాయి. ఎస్-మీటర్ నిండుగా చూపిస్తుంటుంది, వినాల్సిన స్టేషన్ మాత్రం మాయం. దానికి తోడు స్పీకర్ చిన్నది, హైవే మీద అద్దం కాస్త దించితే ఏమీ వినపడదు. యాంటెన్నా కేబుల్ బరువంతా చిన్న ఎస్ఎంఏ కనెక్టర్ మీద వేలాడుతుంటుంది కాబట్టి కొన్నాళ్లకి అది వదులవుతుంది. హ్యాండీకి వెనకాల యాంప్లిఫయర్ పెట్టి 40 వాట్లు తీద్దామనే ఆలోచన కూడా వస్తుంది. నా ఓటు దానికి లేదు. పవర్ పెరిగినా రిసీవర్ అదే చెవిటి రిసీవర్, పైగా వైర్ల పని మొత్తం రిగ్‌కి చేసినంతా చేయాలి. అంత చేసేటప్పుడు రిగ్గే పెట్టుకోవచ్చు.

మొబైల్ రిగ్ కొన్న రోజు అసలు పని మొదలవుతుంది. 50 వాట్లు బయటికి పంపడానికి అది 10 నుంచి 12 ఆంపియర్లు లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు చాలా కార్లలో 10 లేదా 15 ఆంపియర్లు, వైరు సన్నం, ప్లగ్గు పట్టు అంతకంటే అధ్వానం. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కగానే తెర మీద వెలుగు మసకబారితే వోల్టేజీ అక్కడే పడిపోతోందని అర్థం. తక్కువ పవర్‌లో, 5 లేదా 10 వాట్ల మీద, నెట్టుకురావచ్చు. ఫుల్ పవర్ కావాలంటే బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాక్కోవాల్సిందే.

వైరు మందం విషయంలో చిన్న లెక్క వేసుకుంటే మంచిది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరుకి సుమారు 7 మిల్లీఓములు. బ్యాటరీ నుంచి సెట్టు దాకా 4 మీటర్లు, వెళ్లి రావడానికి 8. 10 ఆంపియర్ల దగ్గర అరవోల్టు పైగా వైర్లోనే పోతుంది. ఇంజన్ తిరుగుతుంటే 13.8 దగ్గర ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇంజన్ ఆపితే బ్యాటరీ 12.6కి దిగుతుంది, అప్పుడీ అరవోల్టు కూడా లెక్కలోకి వస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసుకుంటే ఆ గొడవ తగ్గుతుంది. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గర ఉండాలి. సెట్టు పక్కన పెడితే సెట్టుకి రక్షణ దొరుకుతుంది గానీ, ఇంజన్ గోడ దగ్గర రేకుకి ఒరుసుకుని తొక్క ఊడిన వైరుకి దొరకదు. అందుకే ఆ గోడలోంచి వైరు తెచ్చేటప్పుడు రబ్బరు గ్రోమెట్ ఉన్న కన్నంలోంచే తేవాలి. ఈ మధ్య కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద సెన్సార్ ఉంటోంది. అలాంటి బండిలో సెట్టు నెగటివ్‌ని ఆ టెర్మినల్‌కి కాకుండా, సెన్సార్ అవతల బ్యాటరీ ఎర్త్ అయ్యే బాడీ బోల్టుకి కలపాలి. మీరు మాట్లాడుతుంటే వెనకాల కూతలాంటి సన్నని శబ్దం వస్తోందని, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ అది పెరుగుతోందని ఎవరైనా చెబితే అది ఆల్టర్నేటర్ పని. ముందు చూడాల్సింది ఈ వైర్లూ ఎర్తింగే.

యాంటెన్నా కేబుల్ గురించి కారులో పెద్ద టెన్షన్ అక్కర్లేదు. సన్నని ఆర్‌జీ-58 అయినా 5 మీటర్లలో పోయేది సుమారు 1 డెసిబెల్. తలుపు సందులో నలిగిపోకుండా చూసుకుంటే చాలు. సెట్టునీ ముఖపలకనీ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట మాత్రం పెట్టకూడదు. ఇంత పని ఉంటుంది కాబట్టే, ఏడాదికో బండి మార్చేవాళ్లకీ అద్దె కార్లలో తిరిగేవాళ్లకీ రిగ్ చెప్పను.

వాడకంలో రిగ్‌కి ఎదురులేదు. వాల్యూమ్‌కి చేతికందే నాబ్, వినపడే స్పీకర్, చూడకుండానే నొక్కగలిగే మైకు. చానెళ్లు, 600 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ (రిపీటర్‌కి పంపే, దాన్నుంచి వినే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా), సీటీసీఎస్ఎస్ టోన్ (రిపీటర్‌ని తెరిచే సన్నని సంకేతం) అన్నీ ఇంట్లో కూర్చుని మెమరీలో వేసుకుంటే రోడ్డు మీద తెర వైపు చూసే పనే ఉండదు. నడుపుతూ మైకు పట్టుకోవడం గురించి మీ దేశం చట్టం ఏమంటుందో మాత్రం చూసుకోండి. ఫోన్ల నిబంధనే దీనికీ వర్తించే చోట్లు ఉండొచ్చు. వేడి గురించి రెండు మాటలు: ఫుల్ పవర్ మీద వరసగా నాలుగైదు నిమిషాలు మాట్లాడితే వెనక రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, సీటు కింద గాలాడని చోట ఇరికిస్తే సెట్టు తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. యాయెసు ఎఫ్‌టీ-2980 లాంటివి 80 వాట్లు ఇస్తూ ఫ్యాన్ లేకుండా పెద్ద హీట్‌సింక్‌తోనే నెట్టుకొస్తాయి. చప్పుడు ఉండదు గానీ చోటు తింటాయి.

రిగ్గే అనుకున్నాక ఒక బ్యాండా, రెండు బ్యాండ్లా అనే ప్రశ్న మిగులుతుంది. మీ చుట్టూ ఉన్న రిపీటర్లన్నీ 2 మీటర్ల మీదే ఉంటే ఒక్క బ్యాండ్ సెట్టు చాలు: బటన్లు తక్కువ, రిసీవర్ గట్టిది, ఎవరికిచ్చినా వాడేస్తారు. రెండు బ్యాండ్ల సెట్టులో నాకు నచ్చేది క్రాస్‌బ్యాండ్ రిపీట్. కెన్‌వుడ్ టీఎం-వీ71, యాయెసు ఎఫ్‌టీ-8800 లాంటివాటిలో ఇది ఉంది. కారుని ఎత్తున్న చోట ఆపి, మీరు హ్యాండీ పట్టుకుని లోయలోకి దిగినా, 70 సెంటీమీటర్ల బ్యాండ్ (430 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) మీద తక్కువ పవర్‌తో మీరన్నది కారు 2 మీటర్ల మీద గట్టిగా పంపుతుంది. లైసెన్స్ నిబంధనలు ఒప్పుకునే చోటే ఇది చేయాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్‌కి 145.990 మీద 67 హెర్ట్జ్ టోన్‌తో పంపి 437.800 మీద వినాలన్నా రెండు బ్యాండ్లు కావాలి. కొనేముందు ఒకటి గమనించండి: తెర మీద రెండు ఫ్రీక్వెన్సీలు కనిపించినంత మాత్రాన లోపల రెండు రిసీవర్లు ఉన్నట్టు కాదు. కొన్ని సెట్లు ఒకే రిసీవర్‌తో అటూ ఇటూ తొంగిచూస్తుంటాయంతే.

హ్యాండీ గెలిచేది బండి దిగిన మరుక్షణం నుంచి. ట్రెక్కింగ్‌లో, జనసమ్మర్దంలో, వరద నీళ్లలో నడిచి వెళ్లాల్సిన చోట రిగ్ ఉన్నా లేనట్టే. కరెంటు పోయిన ఊళ్లో మాత్రం పోటీ గట్టిగానే ఉంటుంది. రిగ్ ఊరికే వింటూ కూర్చున్నా సుమారు అర ఆంపియర్ తింటుంది, అంటే రోజుకి 12 ఆంపియర్-అవర్లు. కారు బ్యాటరీ రెండో రోజుకి స్టార్ట్ అవ్వడానికి మొరాయించొచ్చు. హ్యాండీకైతే ఛార్జ్ చేసిన బ్యాటరీ ఇంకోటి జేబులో వేసుకుంటే సరిపోతుంది. ఎండలో ఆపిన కారులో మాత్రం హ్యాండీని వదలకండి. రిగ్ ఆ వేడికి ఓర్చుకుంటుంది, లిథియం బ్యాటరీ పాడవుతుంది.

మొబైల్ రిగ్‌కి సరైన చోటు ఇల్లే అని కూడా అనిపిస్తుంటుంది నాకు. బల్ల మీద పెట్టి, 13.8 వోల్టులు 20 ఆంపియర్ల పవర్ సప్లై ఇచ్చి, యాంటెన్నా 10 మీటర్ల ఎత్తున నిలబెడితే మీ వైపు హొరైజన్ 5 నుంచి 13 కిలోమీటర్లకి పెరుగుతుంది. కేబుల్ గురించి కారులో అక్కర్లేని టెన్షన్ ఇక్కడ పడాలి: 20 మీటర్ల ఆర్‌జీ-58 వేస్తే 50 వాట్లలో యాంటెన్నాకి 20 చేరితే గొప్ప. ఆర్‌జీ-213 వేస్తే 30 పైన చేరుతాయి.

రోజూ గంటసేపు ఒకే బండిలో తిరిగేవాళ్లు, ఇంట్లో స్టేషన్ పెట్టుకునేవాళ్లు నేరుగా రిగ్ తీసుకోండి. హ్యాండీ తర్వాతైనా కొనొచ్చు. నడిచేది ఎక్కువ, బండి తక్కువ అయితే హ్యాండీ చాలు. ఎటూ తేలనివాళ్లు హ్యాండీ, మ్యాగ్నెట్ మౌంట్ కలిపి మొదలుపెట్టండి. ఆ మౌంట్ పీఎల్-259 కనెక్టర్ ఉన్నదే తీసుకోండి. ఇవాళ చిన్న అడాప్టర్ కేబుల్‌తో హ్యాండీకి తగిలించుకుంటారు, రేపు రిగ్ కొంటే సాధారణంగా అడాప్టర్ తీసేసి నేరుగా దానికే బిగించుకోవచ్చు.