ద్వారకా నగర్‌లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ శిక్షణ: సి భాషలో చేయి తిరిగినవారికి ఎంతవరకు ఉపయోగం?

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో ప్రోగ్రామింగ్ నేర్పే సంస్థలకు కొదవ లేదు గానీ, వాటిలో ఎక్కువ భాగం ఉద్యోగాల వేటలో ఉన్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకునే పాఠాలు చెబుతాయి. ఏళ్ల తరబడి సి భాషలో ఫంక్షన్లు రాస్తూ వచ్చినవారి కోసం వారాంతాల్లో నడిచే ఒక చిన్న సంస్థలో ఇటీవల ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ (డేటానూ, దానిపై పనిచేసే ఫంక్షన్లనూ ఒకే కట్టగా రాసే పద్ధతి) కోర్సు పూర్తి చేశాను. గాజువాక వైపు లారీ కాటాలకు సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి; ఆ పనికి ఈ చదువు ఎంత అక్కరకు వచ్చిందన్నదే ఇక్కడ నా కొలమానం.

అన్నిటికంటే మెచ్చుకోదగినది మొదలుపెట్టిన తీరు. జంతువు క్లాసు (డేటా, ఫంక్షన్లు కలిసి ఉండే అచ్చు) నుంచి కుక్క, పిల్లి పుట్టుకొచ్చే అరిగిపోయిన ఉదాహరణ జోలికి పోకుండా, ఎవరి ప్రోగ్రామును వారే తెచ్చుకోవాలని అధ్యాపకుడు నియమం పెట్టారు. నా ప్రోగ్రాములో గ్రాస్ (సరుకుతో సహా లారీ బరువు), టేర్ (ఖాళీ లారీ బరువు) గ్లోబల్ వేరియబుల్స్. ఏ ఫంక్షనైనా వాటిని మార్చవచ్చు. వాటిని ఒక క్లాసులో ప్రైవేటుగా, అంటే బయటి కోడ్ ముట్టుకోలేనట్టు ఉంచి, నెట్ బరువును (సరుకు బరువు) విడిగా దాచకుండా అడిగినప్పుడల్లా లెక్కగట్టి ఇచ్చేలా రాయించారు. దాంతో తూకం చీటీలో మూడు అంకెలూ ఒకదానితో ఒకటి పొసగకపోయే అవకాశమే లేకుండా పోయింది.

పాలిమార్ఫిజం (ఒకే పిలుపుకు ఒక్కో క్లాసు తనదైన రీతిలో స్పందించడం) పాఠం ఇంకా బాగుంది. కాటా ఇండికేటర్లు (బరువును అంకెల్లో చూపే పరికరాలు) తయారీదారును బట్టి సీరియల్ పోర్టులోకి బరువును వేర్వేరు రూపాల్లో పంపుతాయి కనుక, బరువు చదివే ఫంక్షన్‌లోనూ, అది నిలకడకు వచ్చిందో లేదో చూసే ఫంక్షన్‌లోనూ ‘ఫలానా ఇండికేటర్ అయితే ఇలా చెయ్యి’ అనే ఒకే స్విచ్ కేసు మళ్లీ మళ్లీ రాయవలసి వచ్చేది. ఇంటర్‌ఫేస్ (ప్రతి ఇండికేటర్ క్లాసులోనూ తప్పక ఉండాల్సిన ఫంక్షన్ల జాబితా) పెట్టుకున్నాక కొత్త ఇండికేటర్ వస్తే కొత్త క్లాసు ఒకటి చేరుతుంది, పాత కోడ్ దాదాపుగా కదలదు. అయితే ఇండికేటర్లన్నిటికీ కొత్త పని ఒకటి నేర్పాలంటే ప్రతి క్లాసునూ తెరవక తప్పదనీ, ఆ సందర్భంలో పాత పద్ధతే తేలికనీ అధ్యాపకుడు దాచకుండా చెప్పారు. ఈ మాట చెప్పే శిక్షకులు అరుదు.

సి తెలిసినవారికి ఇది పరాయి విద్య కాదని చూపడానికి సి లోనే రాసిన లినక్స్ కెర్నెల్‌లో (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) ఇదే పని చేసే, ఫంక్షన్ పాయింటర్లతో నిండిన స్ట్రక్చర్లను విప్పి చూపారు. బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1979లో మొదలుపెట్టిన పని సి కి క్లాసులు చేర్చిన సి ప్లస్ ప్లస్ భాషగా మారిందనీ, దాని తొలి కంపైలర్ సి కోడ్‌నే పుట్టించేదనీ వివరించాక బృందంలో సీనియర్ల బెరుకు తగ్గింది.

లోపం ఇన్హెరిటెన్స్ (ఒక క్లాసు మరో క్లాసు గుణాలను వారసత్వంగా పొందడం) దగ్గర ఉంది. దానికి కేటాయించిన సమయంలో సగం కంపోజిషన్‌కు (ఒక క్లాసు ఇతర క్లాసులను తనలో భాగాలుగా పెట్టుకోవడం) ఇచ్చి ఉంటే బాగుండేది; ఎందుకంటే కాటా ప్రోగ్రాముకు ప్రింటర్, కెమెరా, ఇండికేటర్ తోడు కావాలే తప్ప అది వాటికి వారసుడు కాదు. మాతృక్లాసు స్థానంలో ఉపక్లాసును ఉంచినా ప్రోగ్రాము సవ్యంగా నడవాలని 1987లో కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ ప్రతిపాదించిన సూత్రాన్ని రెండు వాక్యాల్లో ముగించారు. యూనిట్ టెస్టింగ్ (ప్రోగ్రాములో ఒక్కో చిన్న భాగాన్నీ విడిగా పరీక్షించడం) ఊసే లేదు.

గది, కంప్యూటర్లు ఫరవాలేదు. ఆర్‌టీసీ కాంప్లెక్స్ దగ్గరే కనుక బయటి ఊళ్లవారికీ రాకపోకలు సులభం. చేతిలో నడుస్తున్న ప్రోగ్రాము ఉన్నవారు నిస్సంకోచంగా చేరవచ్చు. ఇంటర్వ్యూ ప్రశ్నల కోసమైతే ఈ కోర్సు తగదు.