ఎస్‌ఎంపీఎస్‌కి కొత్త ఫ్యాన్ వేశానని చెప్పి ఉన్న ఫ్యాన్ వైరు కోసి పంపాడు: వరంగల్, హన్మకొండ వాళ్లు జాగ్రత్త

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఎస్‌ఎంపీఎస్ (సీపీయూ లోపల కరెంటు అందించే రేకు డబ్బా) ఫ్యాన్ మోత పెడుతోందని ఈమధ్య సీపీయూ రిపేరుకి ఇచ్చి, మోత లేకుండా తిరిగి తెచ్చుకున్నారా? అయితే సిస్టమ్ ఆన్ చేసి డబ్బా వెనక చెయ్యి పెట్టి చూడండి, గాలి తగులుతోందో లేదో. నా చేతికి తగల్లేదు. బాల్ బేరింగ్ ఫ్యాన్ వేశానని ఏడు వందలు తీసుకున్న మనిషి, ఉన్న ఫ్యాన్ వైరునే కోసేసి ఇచ్చాడు.

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. హన్మకొండలో సిస్టమ్ బాగు చేయించుకునేవాళ్లలో చాలామంది అక్కడికి పోయేవాళ్లే, మీకు అర్థమవుతుంది.

ముందు సంగతులు గబగబా చెప్తాను. మాది ఎనుమాముల మార్కెట్ వైపు. ఇంట్లోనే డీటీపీ చేస్తాను, ఎక్కువగా కాకతీయ యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, థీసిస్‌లు. పత్తి బండ్లు వచ్చే నెలల్లో కిటికీ తెరిస్తే చాలు, పత్తి నూగు ఎగిరొచ్చి ఇంట్లో పడుతుంది. సీపీయూలోకీ పోతుంది. చలికాలం నుంచే పొద్దున స్విచ్ వేయగానే వెనక గరగరమనేది, కాస్త వేడెక్కాక సర్దుకునేది. ఎండలు ముదిరేసరికి రోజంతా అదే మోత. మా అత్తమ్మ పడుకునేది ఆ గదిలోనే, ఆమెకు కునుకు లేకుండా పోయింది. మోత ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ది కాదు, ఎస్‌ఎంపీఎస్‌దే అని కూడా చూసుకున్నాను. కాగితం గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస వెనక జాలీ దగ్గర పెట్టి వింటే తెలిసిపోతుంది.

షాపులో ఇదంతా చెప్పాను. అత్తమ్మ సంగతీ చెప్పాను. ఎస్‌ఎంపీఎస్ కొన్న బిల్లు ఫోన్‌లో ఉంటే చూపించాను, పెద్దది చేసి మరీ చూశాడు. ఈ బిల్లు సంగతి గుర్తుపెట్టుకోండి. "బేరింగ్ పోయిందక్కా. బాల్ బేరింగ్ ఫ్యాన్ ఏస్తా, మళ్ల సూసే పనే ఉండదు" అన్నాడు. బిల్లు ఇవ్వమంటే "బిల్లు గావాల్నంటే జీఎస్టీ పద్దెనిమిది శాతం మీద పడ్తది" అన్నాడు. ఇస్తేనే కడతానని కాసేపు వాదించాను, చివరికి పని ఆగిపోతోందని ఫోన్‌పే చేసి వచ్చాను.

అతను చెప్పిన జబ్బు మాత్రం నిజమే. తక్కువ ధర ఎస్‌ఎంపీఎస్‌లలో వచ్చే ఫ్యాన్లు చాలావరకు స్లీవ్ బేరింగ్‌వి. ఇరుసు సన్నటి నూనె పొర మీద తిరుగుతుంది. దుమ్ముకీ వేడికీ ఆ నూనె ఎండిపోతే ఇరుసు ఊగి చప్పుడు మొదలవుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, తర్వాత తక్కువ అనిపించేది అందుకే. మందు కూడా అతను చెప్పిందే, ఫ్యాన్ మార్చడం. లోపల ఉండేది 12 వోల్టుల మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, అదేం దొరకని సరుకు కాదు.

ఇంటికి తెచ్చి పెడితే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అత్తమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తర్వాత ఒక అమ్మాయి థీసిస్ ప్రింట్ తీస్తుంటే సిస్టమ్ టక్కున ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నా, పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కాసేపాగి ఆన్ చేస్తే వచ్చింది, మళ్లీ ఆగింది. ఈసారి ప్లాస్టిక్ కాలుతున్న వాసన. వెనక చెయ్యి పెడితే రేకు చురుక్కుమంది, గాలి మాత్రం లేదు. ఫోన్ టార్చి వేసి జాలీలోంచి చూస్తే రెక్కలు కదలకుండా ఉన్నాయి.

ప్లగ్ పీకేసి మా తమ్ముణ్ణి పిలిచాను. చిన్నమ్మ కొడుకు, ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. దయచేసి ఎవరూ ఇంట్లో సొంతంగా ఎస్‌ఎంపీఎస్ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో (కరెంటు ఛార్జి నిలవ ఉంచే భాగాల్లో) 300 వోల్టులకు పైన ఛార్జి నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం తీసేంతది. వాడికి ఆ పని తెలుసు, తగిన జాగ్రత్తతోనే విప్పాడు. మూత ఎత్తగానే ఇద్దరం నోట మాట లేకుండా చూస్తుండిపోయాం. కొత్త ఫ్యాన్ లేదు. పాతదే ఉంది. రెక్కల అంచుల వెంబడి మా వీధి పత్తి నూగు బూడిద రంగు పట్టీలా కట్టుకుపోయి అలాగే ఉంది, దాన్ని కనీసం తుడవలేదు. ఫ్యాన్ నుంచి బోర్డుకి పోయే ఎరుపు, నలుపు వైర్లు మధ్యలోకి కోసేసి, రెండు కొసలకూ నల్ల టేపు నీట్‌గా చుట్టి పక్కకి మడిచి పెట్టాడు. టేపు అంత శ్రద్ధగా చుట్టాడంటే, చేస్తున్నదేంటో పూర్తిగా తెలిసే చేశాడన్నమాట.

ఇంకోటి కూడా తమ్ముడే చూపించాడు. మూత స్క్రూ మీద ఉండే వారంటీ స్టిక్కర్ చింపేసి ఉంది. ఆ ఎస్‌ఎంపీఎస్‌కి అయిదేళ్ల వారంటీ, ఇంకా అయిపోలేదు. అదే బిల్లు నేను అతని చేతికిచ్చి చూపించాను. "అక్కా, ఇది వారంటీలో ఉంది, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకుపో" అని ఒక్క మాట అని ఉంటే నాకు పైసా ఖర్చు లేకుండా మార్చి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు సర్వీస్ సెంటర్‌లో సీల్ చిరిగిందని చేతికి కూడా తీసుకోలేదు. కొత్త ఎస్‌ఎంపీఎస్ నా డబ్బులతోనే కొన్నాను.

ఇక షాపులో జరిగింది చెప్తాను. టేపు చుట్టిన వైర్లు పైకి కనపడేలా ఎస్‌ఎంపీఎస్‌ని కౌంటర్ మీద పెట్టాను. సాయంత్రం వేళ, షాపు నిండా జనం. ఇదేంటని అడిగాను. దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

"సౌండ్ వస్తుందని తెచ్చిన్రు. సౌండ్ పోయింది కద?"

కొత్త ఫ్యాన్ ఏదన్నాను. "స్టాక్ లేకుండె." మరి ఏడు వందలు దేనికి తీసుకున్నారంటే, "లేబర్." ఫ్యాన్ తిరగకపోతే లోపల కాలిపోదా అని అడిగితే, "ఇప్పుడొచ్చే కొత్త మోడళ్లల్ల ఫ్యాన్ తిరగనే తిరగది. నీకు తెల్వదక్కా, ఊకో" అన్నాడు. డబ్బులు తీసుకునే రోజు "మీరు" అన్నవాడే. గొంతు పెంచి మళ్లీ అడిగాను. నన్ను దాటి వెనకున్న అబ్బాయి వైపు చూసి "నీకేం గావాలె తమ్మీ?" అన్నాడు. నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను, నా ఎస్‌ఎంపీఎస్ అతని ముందే ఉంది. ఆ అబ్బాయి పాపం నన్ను చూసి మౌస్ అడగాలా వద్దా అని తటపటాయించాడు. లోపల బెంచీ దగ్గర సోల్డరింగ్ చేస్తున్న పిల్లవాడు ఒక్కసారి తలెత్తి చూసి దించేసుకున్నాడు. అతనికి తెలుసు.

కొత్త మోడళ్ల మాట కూడా అబద్ధమే. లోడు తక్కువ ఉన్నంతసేపు ఫ్యాన్ తిరగని ఎస్‌ఎంపీఎస్‌లు ఉన్నమాట నిజమే, కానీ వేడి పెరగ్గానే వాటిలోనూ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. ఆ సంగతి అట్ట డబ్బా మీదే రాసి ఉంటుంది. వాటిలో ఎవరూ వైరు కొయ్యరు. నాది మామూలు 450 వాట్లది, ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూ ఉండాల్సిందే. 80 శాతం ఎఫిషియెన్సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్ సిస్టమ్‌కి 200 వాట్లు ఇవ్వాలంటే గోడ నుంచి 250 వాట్లు లాగుతుంది, మిగతా 50 వాట్లు దాని లోపలే వేడిగా మారతాయి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండు ఆ రేకు డబ్బాలో పెట్టి మూసినట్టే. వేడి పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ల ఆయుష్షు దాదాపు సగమవుతుందంటారు. అదీ మన ఓరుగల్లు మే నెల ఎండల్లో. రిపేరు బెంచీ మీద బతికే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. పెద్దావిడ పడుకునే గది అని చెప్పినా ఆ పని చేశాడు. రాత్రి ఆమె పక్కన అది అంటుకుని ఉంటే? ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఫోన్‌పే రసీదు, టేపు చుట్టిన వైర్ల ఫొటోలు, చిరిగిన సీల్ ఫొటో అన్నీ ఉన్నాయి. అడిగితే బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను. అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ల దాకా గడువుంది.

మీరు చేయాల్సింది కొంచెమే. ఫ్యాన్ మోత వస్తే ముందు వారంటీ తేదీ చూసుకోండి, ఉంటే ఏ షాపువాణ్ణీ సీల్ ముట్టుకోనివ్వకండి. ఫ్యాన్ మార్పిస్తే పాత ఫ్యాన్ చేతికి ఇమ్మనండి. బిల్లులో "ఫ్యాన్" అని రాయించుకోండి. అక్కడే ఆన్ చేయించి, వెనక గాలి వస్తోందో లేదో చూసుకుని కదలండి. సన్నగా కీచుమని, స్క్రీన్ మీద పని మారితే మారే శబ్దమైతే అది చాలాసార్లు లోపలి కాయిల్‌ది, అంటే రాగి తీగ చుట్టది. దానికి ఫ్యాన్ మార్చినా లాభం లేదు, ఆ పేరుతో డబ్బులు ఇవ్వకండి.

అదే షాపులో ఫ్యాన్ మోతకి సీపీయూ ఇచ్చినవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. ఈ రాత్రి పడుకునే ముందే వెనక చెయ్యి పెట్టి చూడండి. గాలి లేకపోతే ప్లగ్ పీకేసి, ఫొటోలు తీసి నాకు చెప్పండి. ఇద్దరు ముగ్గురం కలిసి ఫిర్యాదు ఇస్తే అతను మొహం తిప్పుకోవడానికి ఉండదు.