మూడు బంతులా, స్ప్రింగ్ పరికరమా: మయోసైటిస్‌లో ఊపిరి కండరాలకు ఏది మేలు?

"మూడు బంతుల స్పైరోమీటర్ ఇంట్లో ఉందండీ, అది ఊదితే చాలదా?" 2022లో సమంత తన జబ్బు సంగతి చెప్పాక కండరాలు వాచి నీరసించే మయోసైటిస్ పేరు అందరికీ తెలిసింది, ఫిజియోగా నాకు ఈ ప్రశ్నా ఎక్కువైంది. ముందు ఒక మాట: దాన్ని ఊదకూడదు, పీల్చాలి. చాలామంది అక్కడే తప్పుతున్నారు.

ఆపరేషన్ అయ్యాక ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోకుండా ఇచ్చే పరికరమది. దానిమీద ఉండే 600, 900, 1200 అంకెలు సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల గాలి లాగారో చెబుతాయంతే. అది వేగం, కండరం మోసే బరువు కాదు. మొన్న ఒకావిడ భుజాలు ఎగరేసి ఒక్క గుక్కలో మూడు బంతులూ లేపేసి, "బానే ఉన్నా కదండీ?" అన్నారు. రాత్రి మాత్రం మూడు దిండ్లు లేనిదే పడుకోలేరు. ఎఫ్‌వీసీ (నిండా పీల్చి గట్టిగా వదిలే గాలి కొలత) కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి తీయిస్తే, పడుకున్నప్పుడు మూడోవంతు తగ్గింది. ఊపిరితిత్తుల కింద ఉండే ప్రధాన ఊపిరి కండరం, డయాఫ్రం నీరసం అలా బయటపడింది.

స్ప్రింగ్ ఉన్న థ్రెషోల్డ్ పరికరం దగ్గర ఈ గారడీ కుదరదు. పెట్టిన ఒత్తిడి దాకా లాగితేగానీ వాల్వు తెరుచుకోదు. మెల్లగా పీల్చినా గబుక్కున పీల్చినా బరువు అంతే. నా మొగ్గు అటువైపు ఉండటానికి కారణం ఇదొక్కటే. ఎంఐపీ, అంటే గట్టిగా పీల్చినప్పుడు వచ్చే గరిష్ఠ ఒత్తిడి, సెంటీమీటర్ల నీటి లెక్కలో కొలిచి, అందులో 30 శాతం దగ్గర మొదలుపెడతాను. 40 వస్తే 12 అన్నమాట. ముక్కుకు క్లిప్పు, రోజుకు 30 శ్వాసలు, మధ్యలో విరామాలు. కొన్ని వారాలకోసారి మళ్ళీ కొలిచి పెంచడం.

లోపాలున్నాయి. బంతులది వందల రూపాయల్లో తేలిపోతుంది, ఇది వేలల్లోకి పోతుంది. ఎక్కువగా వాడే మోడల్ 9 నుంచి మొదలవుతుంది, ఎంఐపీ 20 ఉన్నవాళ్ళకు అదే ఎక్కువ. కర్ణభేరికి చిల్లున్నా, ఈమధ్య న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చినా వద్దు. జబ్బు ముదిరి సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) ఎగబాకుతున్నప్పుడు డాక్టర్‌ని అడక్కుండా బరువు పెంచొద్దు. ఆయాసం ఐఎల్‌డీ (ఊపిరితిత్తులే వాచి గట్టిపడే జబ్బు) వల్లయితే లెక్కే వేరు.

ప్రాణాయామం హాయిగా చేసుకోండి, దాన్ని బరువు కింద లెక్కెయ్యకండి. బెలూన్లు ఊదితే పనిచేసేవి గాలి వదిలే కండరాలు.

ఆవిడ ఇప్పుడు 15 దగ్గరున్నారు, దిండ్లు రెండయ్యాయి. అందులో మందుల వాటా ఎంతో, స్ప్రింగ్ వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను.