గళ్ళ ప్రింటు గుడ్డ కొంటున్నారా? కొయ్యకముందే మొత్తం విప్పి చూడండి

క్విల్ట్‌లు (గుడ్డ ముక్కలు కలిపి కుట్టే బొంతలు) కుట్టేవాళ్ళు, ముఖ్యంగా గళ్ళూ చారలూ ఉన్న ప్రింట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు ఇది ఒకసారి చదవండి. నాకు 4 మీటర్ల గుడ్డ దండగైంది.

అరంగుళం గళ్ళు, గడి విడిచి గడిలో చిన్న పచ్చటి ఆకు. బోర్డర్ కోసం కొన్నాను. మడత మీద ఎంతో ముచ్చటగా ఉంది. అంచుకు అంచు కలిపి మడిచి, 3 అంగుళాల పట్టీలు ఆరు గబగబా కోసేశాను. మొదటి పట్టీ విప్పాక చూద్దును కదా, ఈ చివర మొదలైన గళ్ళ వరుస ఆ చివరకు వెళ్ళేసరికి అంగుళం కిందికి దిగిపోయింది. అంటే రెండు వరుసలు మాయం!

నేసేటప్పుడు కాదు, అచ్చు వేసేటప్పుడు వచ్చిన తప్పు ఇది. పేక పోగులు, అంటే అడ్డంగా నేసిన దారాలు, ఏటవాలుగా జరిగి ఉండగానే గుడ్డ మిషన్‌లోకి వెళ్తే ఇలా అవుతుంది. పోగు వెంట కోస్తే గళ్ళు వంకర. గళ్ళ వెంట కోస్తే అంచు ఐమూలగా తెగి సాగుతుంది, బోర్డర్ అలలు అలలుగా లేస్తుంది. తడిపి లాగినా లాభం లేదు, అచ్చు పోగుకే అంటుకుని ఉంది కదా.

అనుమానం వచ్చి మిగతా గుడ్డ పరిస్తే, మధ్యలో జానెడు మేర ఆకులే లేవు. క్విల్టింగ్ గుడ్డకు అంచున చిన్న రంగు చుక్కలు ఉంటాయి చూడండి, ఒక్కో రంగుకు ఒక్కోటి. ఆ జానెడు మేర పచ్చ చుక్క కూడా లేదు! ఇన్నేళ్ళుగా ఆ చుక్కలను దారం రంగు ఎంచుకోవడానికే వాడాను.

షాపు వాళ్ళకు ఫొటోలు పంపితే, "ప్రింటులో చిన్న తేడాలు మామూలే, పైగా మీరు కోసేశారు" అన్నారు. చేత్తో అద్దిన గుడ్డలో అలాంటి తేడాలుంటే నేనే ఇష్టపడి కొంటాను. మిషన్ ప్రింటుకు ఆ మాట ఏమిటి? కొయ్యని ముక్క వెనక్కి తీసుకోమన్నా ఒప్పుకోలేదు. విప్పకుండా కోయడం నా తప్పే, కాదనను.

ఇప్పుడు పార్సిల్ రాగానే నేల మీద మొత్తం పరిచి, అంచుకు లంబంగా స్కేలు పెట్టి, ఒకే గళ్ళ వరుస వెంట ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తున్నాను. తేడా కనిపిస్తే స్కేలు ఫొటోలో పడేలా తీసి ఆ రోజే పంపుతున్నాను. అప్పటిదాకా ఉతకడం కూడా లేదు, ఉతికిన గుడ్డను చాలా షాపులు వాపసు తీసుకోవు. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే పోగు జారిన చోట్లూ, అతుకులూ కూడా బయటపడతాయి. పెద్ద పువ్వుల ప్రింటుకు ఇంత టెన్షన్ అక్కర్లేదు, కాస్త వంకరున్నా ఎవరికీ తెలియదు.

ఆ ఆరు పట్టీలను రెండంగుళాల ముక్కలు చేసి వేరే క్విల్ట్‌లో కలిపేశాను. మిగతా మూడున్నర మీటర్లు క్విల్ట్ వెనక వేద్దామనుకుంటున్నా, ఆకుల్లేని ఆ జానెడు మేర తీసేసి.