క్యాట్ స్కేల్: మొత్తం బరువు కాదు, ఏ యాక్సిల్ మీద ఎంతో చెప్పే చీటీ

ట్రైలర్‌కి సీలు వేశాక లోపల బరువు ఎక్కడ పడిందో డ్రైవర్‌కి కనపడదు. కాగితాల్లో సరుకు మొత్తం బరువు ఒక్కటే ఉంటుంది. అందుకే అమెరికాలో లోడు బరువైనదైతే, దగ్గర్లోని ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ అనే కంపెనీ కాటా మీద తూచాకే నేను హైవే ఎక్కుతాను.

స్టీర్ (స్టీరింగ్‌తో తిరిగే ముందు చక్రాలవి), డ్రైవ్ (ఇంజిన్ తిప్పే ట్రక్కు వెనక చక్రాలవి), ట్రైలర్ యాక్సిళ్లు, అంటే ఇరుసులు, మూడు చోట్లవీ వేర్వేరు ప్లాట్‌ఫారాల మీద నిలబడి ఒకేసారి తూగుతాయి. బండిని మళ్లీ మళ్లీ జరపక్కర్లేదు. ఫోన్‌లో వాళ్ల యాప్ ఉంటే సీట్లోంచి దిగే పనే లేదు.

ఈమధ్య పేపర్ రోళ్ల లోడుకి వచ్చిన లెక్క ఇది: స్టీర్ 11,860, డ్రైవ్ 35,240, ట్రైలర్ 31,480. మొత్తం 78,580 పౌండ్లు. మొత్తం బరువు పరిమితి 80,000 లోపే కాబట్టి చాలామంది బయల్దేరిపోతారు. కానీ ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలని కలిపే హైవే) మీద జంట యాక్సిళ్లకి పరిమితి 34,000. నా బండికి డ్రైవ్, ట్రైలర్ రెండు చోట్లా జంటలే. అంటే డ్రైవ్ మీద 1,240 ఎక్కువ. టాండెమ్స్‌ని, అంటే ట్రైలర్ కింద ముందుకీ వెనక్కీ జరిగే జంట యాక్సిళ్లని, వాటిని బిగించే పట్టాలో ఆరు రంధ్రాలు ముందుకు జరిపాను. నా ట్రైలర్‌కి రంధ్రాల మధ్య దూరం నాలుగు అంగుళాలు, ఒక్కో రంధ్రానికి సుమారు 250 పౌండ్లు మారుతుంది. మళ్లీ తూచితే డ్రైవ్ 33,720, ట్రైలర్ 33,000. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే: టాండెమ్స్ ముందుకు వస్తే డ్రైవ్ తేలికవుతుంది, ట్రైలర్ చక్రాలు ఎక్కువ మోస్తాయి.

అయితే జరిపిన ప్రతిసారీ బండి నడత మారుతుంది. టాండెమ్స్ ముందుకుంటే ఇరుకు మలుపులు సులువు, కానీ ట్రైలర్ తోక పక్క లేన్‌లోకి ఊగుతుంది. బాగా వెనక్కి ఉంటే మలుపులో ట్రైలర్ లోపలికి కోసుకుంటూ వస్తుంది. పైగా కాలిఫోర్నియాలో 53 అడుగుల ట్రైలర్‌కి కింగ్‌పిన్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే పిన్ను) నుంచి చివరి యాక్సిల్ మధ్యకి 40 అడుగులు దాటకూడదు. లెక్క కుదిరిందని వెనక్కి లాగితే అక్కడ ఇంకో టికెట్!

నేను ముందు చూసేది మాత్రం స్టీర్ అంకె. అది మరీ తక్కువైతే వానలో స్టీరింగ్ తేలిపోతుంది, తిప్పినా ముక్కు తిరగదు. దానికి టాండెమ్స్ జరిపి పెద్దగా లాభం లేదు, ఫిఫ్త్ వీల్‌ని (ట్రక్కు మీద కింగ్‌పిన్ కూర్చునే పళ్లెం) ముందుకు జరపాలి. అప్పుడు డ్రైవ్ మీది బరువులో కొంత స్టీర్‌కి వెళ్తుంది. కొన్ని ట్రక్కులకి ఫిఫ్త్ వీల్ కదలదు, ఆ డ్రైవర్లు లోడు చేసేటప్పుడే గొడవపడాలి.

అదే చోట, అదే బండిని 24 గంటల్లోపు మళ్లీ తూస్తే చాలా తక్కువ తీసుకుంటారు, కాబట్టి రెండోసారికి పిసినారితనం వద్దు. వాళ్ల తూకం ప్రకారం సరిగా ఉండి కూడా ఓవర్‌వెయిట్ జరిమానా పడితే, తప్పు తమదని తేలినప్పుడు కట్టే గ్యారంటీ కూడా ఉంది. టెన్షన్ సగం అక్కడే పోతుంది.

ఈ చీటీ చెప్పనిది కూడా ఉంది. కుడి ఎడమ తేడా దీనిలో తెలియదు, సరుకు ఎంత ఎత్తున పేర్చారో అసలే తెలియదు. బండి ఒక పక్కకి వాలుతోందనిపిస్తే దిగి టైర్లు, సస్పెన్షన్ ఎయిర్ బ్యాగులు చూసుకోవాల్సిందే.

ఇంకోటి, డీజిల్ పోయించుకున్నాకే తూచండి. 200 గ్యాలన్లంటే దాదాపు 1,400 పౌండ్లు, అది పడేది స్టీర్, డ్రైవ్ మీదే.