బట్ట తెచ్చి కుట్టడమా, దేశంలోనే నేయడమా?

తయారీలో ఎదగాలనుకునే దేశాలు చాలావరకు మొదట పట్టుకునేది రెడీమేడ్ దుస్తులనే. చిక్కు కూడా అక్కడే: బట్ట దిగుమతి చేసుకుని కుట్టి పంపాలా, నేత, అద్దకం కూడా దేశంలోనే పెట్టాలా?

ఖర్చు: కుట్టుకు షెడ్డు, మిషన్లు, మనుషులు చాలు. నేత, అద్దకానికి భారీ పెట్టుబడి, ఆగని కరెంటు, నీరు, మురుగునీటి శుద్ధి ప్లాంటు కావాలి. అద్దకం మధ్యలో కరెంటు పోతే రంగు సమంగా పట్టక లాటంతా పాడవ్వొచ్చు.

గడువు: ఓడలో వచ్చే బట్టకు వారాలు. దగ్గర్లో దొరికితే ఆ వారాలు మిగులుతాయి.

సుంకం: అసలు తేడా ఇదే, ముందుగా లెక్క వేసుకోవాల్సిందీ ఇదే. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలు దిగుమతి బట్టతో కుట్టినా ఐరోపా సమాఖ్య 2011 నుంచి సుంకం లేకుండా తీసుకుంటోంది. ఆ హోదా దాటాక మూడేళ్లు వెసులుబాటు. తర్వాత జీఎస్పీ ప్లస్ (కొన్ని షరతులు పాటించే వర్ధమాన దేశాలకు ఐరోపా సమాఖ్య ఇచ్చే సుంకం రాయితీ)లోకి వెళ్లినా రెండు దశలు, అంటే కుట్టుతో పాటు సాధారణంగా నేత కూడా, దేశంలోనే జరిగినట్టు చూపించాలి. ఐరోపా సమాఖ్యతో 2020లో అమలైన వియత్నాం వాణిజ్య ఒప్పందంలోనూ బట్ట ఎక్కడిదో చూస్తారు. దక్షిణ కొరియా బట్టకు సడలింపు ఉంది. ఏ రాయితీ దక్కకపోతే చాలా దుస్తులపై 12 శాతం. అంతంతమాత్రం లాభాలతో నడిచే పరిశ్రమ దాన్ని తట్టుకోలేదు.

రిస్కు: వేతనాలు పెరిగితే కుట్టు ఆర్డర్లు మరో దేశానికి పోతాయి. మిల్లుకు ఆర్డర్లు తగ్గినా అప్పు వాయిదాలు ఆగవు.

కరెంటు నిలకడగా లేకుంటే, హోదా దాటడానికి ఏళ్లుంటే కుట్టే సరైనది. తేదీ ఖరారైతే నేత ఇప్పుడే మొదలుపెట్టాలి, అదీ పెట్టుబడి తక్కువయ్యే నిట్ బట్టతో (టీషర్టులకు వాడే అల్లిక బట్ట).