శ్వాసమార్గం కొలవడానికి సీబీసీటీ స్కాన్: మా అనుభవం

మా వారి గురక గురించి దంతవైద్యురాలిని కలిసినప్పుడు, నిద్రలో కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరం నోటికి అమర్చవచ్చునని చెప్పి, ముందుగా సీబీసీటీ స్కాన్ (దవడలను, గొంతును త్రీడీలో చూపే ఒక రకం ఎక్స్‌రే) తీయించుకు రమ్మన్నారు. విజయవాడలోని ఒక దంత స్కానింగ్ కేంద్రంలో గత నెల తీయించాము.

స్కాన్ తీసిన తీరు నిజంగా మెచ్చుకోదగినది. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, తల కదలకుండా పట్టీ కట్టాక, యంత్రం తల చుట్టూ తిరిగి అర నిమిషంలోపే పని ముగించింది. పళ్లు కలిపి ఉంచమనీ, నాలుక కదపవద్దనీ, ఆ కాసేపు గుటక వేయవద్దనీ చెప్పి, టెక్నీషియన్ ముందే రెండుసార్లు అలవాటు చేయించారు. గుటక వేస్తే గొంతు ఆకారమే మారిపోతుంది కనుక, ఈ జాగ్రత్త లేని స్కాన్‌లో కొలతలను నమ్మలేము. తర్వాత తెరపై గాలి వెళ్లే దారిని రంగుల్లో చూపించారు. అంగిలి వెనుక వెడల్పుగా ఉన్న దారి నాలుక మొదలు దగ్గరకు వచ్చేసరికి సన్నబడి ఎర్రగా కనిపించింది. అన్నిటికంటే ఇరుకైన చోటు ఎక్కడుందో, దాని వైశాల్యమెంతో కూడా రాసి ఇచ్చారు.

నా అభ్యంతరమల్లా నివేదికలోని చివరి వాక్యంతోనే. మా వారికి స్లీప్ అప్నియా (నిద్రలో శ్వాస పదే పదే ఆగే జబ్బు) ఉన్నదని అందులో తేల్చి రాశారు. మెలకువగా కూర్చున్న మనిషి గొంతును కొన్ని క్షణాలు చూసి, వెల్లకిలా పడుకుని నిద్రపోయినప్పుడు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి ఆ గొంతు ఎంత మూసుకుపోతుందో చెప్పడం సాధ్యం కాదు. ఆ జబ్బును నిర్ధారించేది నిద్ర పరీక్షే. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, తగ్గిందో అందులో లెక్కిస్తారు. పెద్దలలో 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థ తీవ్రత అంటారు. మేము విడిగా ఆ పరీక్ష చేయిస్తే 22 వచ్చింది. నివేదిక మాట నిజమే అయినా, స్కాన్‌ను బట్టి ఆ మాట రాయకూడదు; దారి వెడల్పుగా కనిపించిన మరొకరు తమకు జబ్బు లేదనుకుని పరీక్ష మానుకుంటే ఎంత ప్రమాదం!

పరికరం అమర్చే ముందో, దవడ శస్త్రచికిత్సకు ముందో వైద్యులు అడిగితే ఇక్కడ నిశ్చింతగా తీయించుకోవచ్చు. కేవలం గురక పెడుతున్నారని పిల్లలకు మాత్రం తీయించవద్దు. ఆసుపత్రి సీటీ కంటే సాధారణంగా తక్కువే అయినా, మామూలు దంత ఎక్స్‌రే కంటే ఇందులో రేడియేషన్ ఎక్కువ.